ఎల్డెన్ రింగ్‌ను ముందే పూర్తి చేసిన మిత్రుడితో కలిసి ఆడితే కొత్తవాడికి ఆనందం మిగులుతుందా?

మీరు శ్రీకాకుళంలో ఉంటారు. ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ ఇప్పుడే కొన్నారు. బెంగళూరులో ఉన్న మీ మిత్రుడు దాన్ని ముందే పూర్తి చేశాడు, కలిసి ఆడదామంటున్నాడు. ఆట రుచి పోతుందా, మన ఊరి ఇంటర్నెట్ సరిపోతుందా, తెలిసిన దారిలో మళ్లీ నడవడం అతడికి విసుగు కాదా అని అడిగారు. నేను విజయనగరం వాడిని. సరిగ్గా ఇదే పరిస్థితిలో మొదలుపెట్టి, మొదటిసారి ఆటను పూర్తిగా పాడుచేసుకున్నాను. రెండోసారి మాకు దక్కిన ఆనందం ఇప్పటికీ తరగలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మా ఇద్దరి ఇళ్లూ అయ్యకోనేరు దగ్గర ఒకే వీధిలో ఉండేవి. ఇప్పుడు అతడు పుణెలో ఒక కర్మాగారంలో పనిచేస్తున్నాడు. నాకు గంటస్తంభం దగ్గర మందుల దుకాణం ఉంది. రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు దించి, భోజనం ముగించుకుని, పదిన్నరకు కంప్యూటర్ ముందు కూర్చునేవాడిని. ఏడాదికోసారి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి వచ్చినప్పుడు తప్ప కలుసుకోవడం లేదు. ఫోనులో మాట్లాడుకుంటే పది నిమిషాల్లో మాటలు అయిపోతున్నాయి. కలిసి చేసే పని ఏదైనా ఉంటే మాటలు వాటంతట అవే వస్తాయని అతడే ఈ ఆట కొనమన్నాడు.

మొదటి రెండు వారాలు ఎలా గడిచాయో చెబుతాను. అతడు ఆటలోని నా లోకంలోకి వచ్చేవాడు, నేను వెనక నడిచేవాడిని. "ఎడమకు తిరుగు. ఆ గదిలో ఏమీ లేదు, వదిలేయి. ఆగు, ఇక్కడ పైనుంచి ఒకడు దూకుతాడు." అన్నీ నా మంచి కోసమే చెప్పాడు. ఒక్కటీ తప్పు కాలేదు. స్టార్మ్‌వెయిల్ కోట ముందు వంతెన మీద మార్గిట్ అనే బాస్, అంటే దారికి అడ్డంగా నిలిచే పెద్ద శత్రువు, ఉంటాడు, ఆట మొదట్లో కొత్తవాళ్లను ఆపేసేది వాడే. మా రెండో ప్రయత్నంలోనే వాడు పడిపోయాడు. బరువంతా మిత్రుడే మోశాడు, నేను దూరంగా నిలబడి రెండు దెబ్బలు వేశాను. తెర మీద బంగారు రంగు అక్షరాలు వచ్చాయి. అవి నా కోసం వచ్చినట్టు నాకు అనిపించలేదు. ఆ తర్వాత దుకాణంలో ఆలస్యమైందని, తలనొప్పిగా ఉందని చెప్పి తప్పించుకోవడం మొదలుపెట్టాను. నాలుగో రోజు అతడు సూటిగా అడిగాడు, నేనూ సూటిగా చెప్పాను.

ఇక్కడ మా పెదనాన్నగారి మాట ఒకటి చెప్పాలి. ఆయన మా ఊరి సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకున్నారు. 1919లో మొదలైన కళాశాల అది, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన చోటు. పక్కవాద్యం గురించి పెదనాన్న ఒక మాట అనేవారు. వాయించేవాడికి కీర్తన మొత్తం కంఠస్థమై ఉంటుంది, తరువాతి సంగతి ఎటు వెళ్తుందో తెలుసు. అయినా గాయకుడి నోట రాకముందు ఆ సంగతి వాయించడు. వెనకే ఉండి పట్టుకుంటాడు, గాయకుడు తడబడితే శ్రుతిని నిలబెడతాడు. ఆ రాత్రి ఈ మాట నా మిత్రుడికి చెప్పాను. చిన్నప్పుడు పెదనాన్న ఇంటి అరుగు మీద కూర్చుని విన్నవాడే కాబట్టి వెంటనే అర్థం చేసుకున్నాడు. "సరే, మళ్లీ మొదటి నుంచి మొదలుపెడదాం. ఈసారి నేను వెనకే ఉంటాను" అన్నాడు.

మీ ప్రశ్నకు నా జవాబు ఇదే. ఆట మీ లోకంలో జరగాలి, దారి మీరు తీయాలి, తెలిసినవాడు వెనక నడవాలి. ఆటలోనూ దీనికి కొంత ఏర్పాటు ఉంది. ఇద్దరూ ఒకే మల్టీప్లేయర్ పాస్‌వర్డ్ పెట్టుకుంటే, పిలిచినప్పుడు వచ్చేవాడి స్థాయినీ ఆయుధబలాన్నీ మీ స్థాయికి తగ్గట్టు ఆట తానే దించుతుంది. కానీ అతడి జ్ఞాపకాన్ని దించే ఏర్పాటు ఏదీ లేదు. దాన్ని అతడే అదుపులో పెట్టుకోవాలి. మేము పెట్టుకున్న కట్టుబాటు చిన్నదే: నేను అడిగితేనే చెప్పాలి, అడిగినా ముందు "నీకేమనిపిస్తోంది" అని తిరిగి అడగాలి. నేను తప్పు దారిలో వెళ్తే నాతోపాటు రావాలి. చావు ఖాయమని తెలిసినా రావాలి.

రెండోసారి మార్గిట్ దగ్గర నాలుగు రాత్రులు గడిచాయి. వాడు చేతికర్రను పైకెత్తి కాసేపు అలాగే పట్టుకుంటాడు. మనం భయంతో ముందే పక్కకు దొర్లుతాం, మనం లేచే క్షణానికి దెబ్బ దించుతాడు. ఈ సంగతి నా మిత్రుడికి ఎప్పుడో తెలుసు, మూడు రాత్రులూ నోరు మెదపలేదు. నాలుగో రాత్రి నాకే వెలిగింది. కర్ర ఎత్తినప్పుడు కాదు, దించడం మొదలైనప్పుడు దొర్లాలి. సగం బలం పోయాక వాడు వెలుగుతో చేసిన సుత్తి తీస్తాడు. అప్పుడు మిత్రుడు పడిపోయాడు, నేను ఒక్కడినే మిగిలాను. చివరి దెబ్బ నేనే వేశాను. ఫోనులో అతడు కేక వేస్తే పుణెలో పక్క గది మనిషి లేచి వచ్చాడట. ఇక్కడ మా అమ్మ లేచి వచ్చి, "ఏమైందిరా, ఎవరికైనా బాగాలేదా" అని అడిగింది.

తర్వాత తెలిసింది, మార్గిట్‌ను కాసేపు నేలకు కట్టిపడేసే వస్తువు ఒకటి ఆటలోనే దొరుకుతుందని. నా మిత్రుడికి అది ఎక్కడుందో తెలుసు, నాలుగు రాత్రులూ చెప్పలేదు. దాని కోసం అతడిని ఎంత అభినందించినా నాకు తనివి తీరదు. ఎక్కడ దొరుకుతుందో నేనూ ఇక్కడ రాయడం లేదు, ఎదురైతే మీరే చూస్తారు.

పోరాటంలో మాటలు తక్కువగా ఉండాలి. మాకు మూడు మాటలు సరిపోయేవి. బాస్ నా మీదికి తిరిగితే "నాది" అనేవాడిని, అతడి మీదికి వెళ్తే "నీది". మూడోది "తాగుతున్నాను", అంటే ప్రాణం నింపుకునే ఫ్లాస్కు తీస్తున్నాను, రెండు క్షణాలు వాడిని నీవైపు తిప్పుకో అని. ఇంతకు మించి మాట్లాడితే చెయ్యి తప్పుతుంది. సహాయానికి వచ్చినవాడికి ఫ్లాస్కులు సగమే ఉంటాయి, అందుకే ఈ మూడో మాటకు విలువ ఎక్కువ. హోస్ట్, అంటే ఎవరి లోకంలో ఆట జరుగుతోందో ఆ మనిషి, చనిపోతే వచ్చినవాడు తన లోకానికి వెళ్లిపోవాల్సిందే. కాబట్టి తెలిసినవాడి పని బాస్‌ను చంపడం కంటే మిమ్మల్ని బతికించడం. ఈ ఒక్కటి మీ మిత్రుడికి గట్టిగా చెప్పండి.

పిలుచుకునే పద్ధతి మొదట్లో చాలామందికి అర్థం కాదు. వచ్చే వ్యక్తి టార్నిష్డ్స్ ఫర్ల్డ్ ఫింగర్ అనే వస్తువుతో నేల మీద బంగారు రంగు గుర్తు వేయాలి. అది మీకు కనిపించాలంటే మీరు ఫర్ల్‌కాలింగ్ ఫింగర్ రెమెడీ వాడాలి. దాన్ని ఎర్డ్‌లీఫ్ పువ్వులు రెండింటితో తయారుచేసుకోవచ్చు, పువ్వులు దారి పొడవునా దొరుకుతాయి. తయారీకి కావలసిన క్రాఫ్టింగ్ కిట్‌ను మొదట్లో కనిపించే ఎల్లే చర్చిలోని వర్తకుడు 300 రూన్లకు (రూన్లంటే ఆటలోని డబ్బు) అమ్ముతాడు. ఇద్దరూ ఒకే చోట నిలబడి ఈ పని చేయండి, లేకపోతే అరగంట వెతుక్కుంటారు. మీరు పీసీలో, అతడు ప్లేస్టేషన్‌లో ఉంటే మాత్రం కలవడం కుదరదు. కొనే ముందే చూసుకోవలసిన విషయం అది. పీసీలో ఆన్‌లైన్‌కు వేరే చందా అక్కర్లేదు, ప్లేస్టేషన్‌లో ప్లస్ చందా కావాలి.

కలిసి ఆడేటప్పుడు కొన్ని పోతాయని కూడా తెలుసుకోండి. టోరెంట్ అనే గుర్రం ఎక్కలేరు. ఒంటరిగా ఉన్నప్పుడు సాయానికి పిలిచే ఆత్మలను పిలవలేరు. బాస్‌ల బలం పెరుగుతుంది. మిత్రుడు పక్కన ఉన్నంతసేపూ ఎక్కడివాడో తెలియని మరో ఆటగాడు మిమ్మల్ని చంపడానికి మీ లోకంలోకి చొరబడగలడు. బాస్ చనిపోగానే మిత్రుడు వెళ్లిపోతాడు, మళ్లీ పిలవాలి. సాధించిన ప్రగతి హోస్ట్ లోకంలోనే నిలుస్తుంది. ఇద్దరూ కొత్తవాళ్లయితే ప్రతి కోటనూ రెండుసార్లు గెలవాలన్నమాట. మీ మిత్రుడు ముందే పూర్తి చేసి ఉండటం ఇక్కడ మీకు మేలు, అతడు కోల్పోయేదేమీ లేదు.

ఇంటర్నెట్ గురించి భయపడకండి. ఈ ఆటలో ఆడేవాళ్ల కంప్యూటర్ల మధ్యే రాకపోకలు జరుగుతాయి కాబట్టి మీ లైను ఎంత ముఖ్యమో అతడి లైనూ అంతే ముఖ్యం. వేగం కంటే నిలకడ అవసరం. మాది పాత ఇల్లు, గోడలు మందం. వెనక గదిలోకి వైఫై అందీ అందనట్టు వచ్చేది, నేను కొట్టిన దెబ్బ అతడి తెర మీద ఆలస్యంగా తగిలేది. రౌటర్ నుంచి కంప్యూటర్ దాకా తీగ లాగించాక ఆ బాధ పోయింది. రెండోది కరెంటు. ఎండాకాలం సాయంత్రాల్లో ఈదురుగాలి వస్తే మనవైపు కరెంటు నిలవదు, ఇక తుపాను కాలం సంగతి హుద్‌హుద్‌ను, తిత్లీని చూసిన మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టించండి, కంప్యూటర్‌ను ఇన్వర్టర్ మీద ఉంచండి. నడుమ ఆగిపోయినా ఆట తానే భద్రపరుచుకుంటూ ఉంటుంది, మహా అయితే ఆ ఒక్క పోరాటం పోతుంది. కంప్యూటర్‌కు కనీసం 12 జీబీ ర్యామ్, 60 జీబీ ఖాళీ కావాలని ఆట తయారుచేసినవాళ్లే చెప్పారు. అంత లేకపోతే దీని కోసం అప్పు చేయకండి, 2012లో వచ్చిన టార్చ్‌లైట్ 2 పాత కంప్యూటర్ల మీద కూడా చక్కగా నడుస్తుంది. నెట్ లేకున్నా ఒకే ఇంట్లో రెండు కంప్యూటర్లు కలిపి ఆడుకోవచ్చు. సిరిమానోత్సవానికి మిత్రుడు వచ్చినప్పుడు, ముందురోజు తొలేళ్ల రాత్రి జనసందోహంలో తిరిగి వచ్చాక, మేము తెల్లవారే దాకా అదే ఆడాం.

ఇంకొక్క మాట. వారంలో అన్ని రాత్రులూ కలిసి ఆడకండి. మేము వారానికి మూడు రాత్రులు కలిసేవాళ్లం, మిగతా రోజుల్లో నేను గుర్రమెక్కి ఒంటరిగా తిరిగేవాడిని. కొండ అంచున నిలబడి దూరాన కనిపించే కోటను చూసి, రేపు అక్కడికి వెళ్దాం అనుకోవడంలో ఒక సుఖం ఉంది, అది పక్కన మనిషి ఉంటే దొరకదు. కలిసిన రోజు ఆ కోట సంగతి అతడికి చెప్పేవాడిని. అతడికి అది తెలిసినదే అయినా మధ్యలో అందుకోకుండా వినేవాడు.

మీ చివరి ప్రశ్నకు, అతడికి విసుగు రాదా అన్నదానికి, నా దగ్గర జవాబు ఒక రాత్రి రూపంలో ఉంది. అతడికి రాత్రి షిఫ్టు, నేను ఒక్కడినే రాయా లుకారియా అనే విద్యాలయంలో తిరుగుతున్నాను. అక్కడ పెద్ద నీటి చక్రం లాంటిది మనుషులను పైకీ కిందికీ మోస్తుంది. అందరూ పైకి వెళ్తారు, నేను కిందికి దిగాను. అడుగున ఇనుప బొమ్మ ఒకటి కాపు కాసి ఉంది. కడుపు తెరిచి నన్ను లోపలికి లాక్కుని చంపేసింది. మామూలుగా అయితే దగ్గరలోని విశ్రాంతి స్థలంలో లేవాలి. నేను కళ్లు తెరిచేసరికి చుట్టూ చీకటి, ఎర్రగా ప్రవహించే లావా, ఎన్నడూ చూడని చోటు. షిఫ్టులో విరామం దొరికి అతడు ఫోను చేస్తే చూసింది చూసినట్టు చెప్పాను. ఫోను తెగిపోయిందేమో అన్నంతసేపు మాట లేదు.

"అది వల్కానో మేనర్ అడుగు భాగంరా. నేను అక్కడికి చేరడానికి ఎన్ని రోజులు పట్టిందో! ఆ బొమ్మ చేతిలో నేనెప్పుడూ చావలేదు, తప్పించుకుని పైకి వెళ్లిపోయాను. అక్కడి నుంచి దారి ఉందని నాకు తెలియదు."

ఆ వారం సెలవు రోజున అతడు తన పాత పాత్రతో కాకుండా మళ్లీ కొత్త పాత్రతో మొదలుపెట్టాడు. విద్యాలయం దాకా వచ్చాక నాకు ఫోను చేసి, "కిందికి దిగుతున్నాను, లైన్లో ఉండు" అన్నాడు. ఆ బొమ్మ చేతిలో కావాలని చనిపోయాడు. నేను ఏమీ చెప్పకుండా వింటూ కూర్చున్నాను.