ట్రాన్స్ పురుషుడు వార్డులో చేరితే నర్సు ఏం చూడాలి?

ప్రశ్న: మాది నెల్లూరు. చెన్నైలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మా వార్డులో 27 ఏళ్ల ట్రాన్స్ పురుషుడు (పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషుడిగా జీవిస్తున్న వ్యక్తి) కడుపునొప్పితో చేరారు. టెస్టోస్టెరాన్ (పురుష హార్మోను) ఇంజెక్షన్లు తీసుకుంటున్నారు. ఆధార్‌లో పాత పేరే ఉంది. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: కడుపునొప్పి అన్నారు కాబట్టి ముందు దాని గురించే చెబుతాను. గడ్డం చూసి అపెండిసైటిస్ దగ్గరే ఆగిపోవద్దు. గర్భసంచి, అండాశయాలు ఉన్నవారిలో అండాశయం మెలిపడవచ్చు, గర్భం ట్యూబులో నిలవవచ్చు. టెస్టోస్టెరాన్‌తో నెలసరి ఆగినా అది గర్భనిరోధక మందు కాదు. అందుకే ఏయే ఆపరేషన్లు అయ్యాయో, ఏ అవయవాలు ఉన్నాయో అడిగి రాసుకోండి. కర్టెన్ వేసి, బంధువులను బయటికి పంపి, ఎందుకు అడుగుతున్నారో చెప్పి అడగండి. గర్భపరీక్షకూ అదే పద్ధతి. చికిత్సకు అక్కరలేని ప్రశ్న ఒక్కటీ వద్దు. డ్యూటీలో లేనివారు వచ్చి తొంగిచూసి వెళ్లడం క్రూరత్వమే, దాన్ని మీరే అడ్డుకోవాలి.

టెస్టోస్టెరాన్ హిమోగ్లోబిన్‌ను పెంచుతుంది. కంప్యూటర్‌లో స్త్రీ అని ఉంటే ల్యాబ్ రిపోర్టులో స్త్రీల కొలతలే వస్తాయి. చాలా నెలలుగా ఇంజెక్షన్లు వాడుతుంటే పురుషుల కొలతలతో పోల్చాలి. లేకపోతే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు ఉన్నా మామూలుగానే కనిపిస్తుంది, ఆయనకు మాత్రం అది తక్కువ. హిమాటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) 54 శాతం దాటితే డాక్టరుకు వెంటనే చెప్పండి.

ఛాతీకి బైండర్ (ఛాతీ చదునుగా కనిపించేలా బిగించే వస్త్రం) కట్టుకుని ఉంటే కింది చర్మం ఒరుసుకుపోయిందేమో, ఊపిరి ఇబ్బందిగా ఉందేమో చూడండి. తీయించేటప్పుడు వదులు చొక్కా సిద్ధంగా ఉంచండి. జననాంగాలకు శస్త్రచికిత్స జరిగి ఉంటే మూత్రపు గొట్టాన్ని బలవంతంగా వేయకండి, యూరాలజిస్టును పిలవండి.

కేస్‌షీటులో ఆధార్ పేరు తప్పదేమో గానీ, పిలవడం ఆయన చెప్పిన పేరుతోనే. మనకు అలవాటైన 'అమ్మా' అసలు వద్దు. షిఫ్టు మారేటప్పుడు తర్వాతి సిస్టర్‌కు ఇది తప్పక అప్పగించండి. ఏ వార్డులో ఉండాలన్నదీ ఆయన్నే అడగాలి. వైద్యంలో వివక్ష కూడదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం చెప్పింది. మీ సూపరింటెండెంటు అభ్యంతరపెడితే ఆ చట్టాన్ని గుర్తుచేయండి.

డిశ్చార్జికి ముందు ఒక మాట. గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం క్యాన్సర్ పరీక్ష అవసరం. టెస్టోస్టెరాన్ వల్ల యోని లోపలి పొర పలచబడి ఆ పరీక్ష నొప్పిగా ఉంటుంది. పైగా గైనిక్ ఓపీ వరుసలో కూర్చోలేక కొందరు దాన్ని మానేస్తారు. మీరే ఫోన్ చేసి రద్దీ లేని వేళ కుదిర్చి, చిన్న పరికరం వాడమని డాక్టరుకు చెప్పి పంపండి.