సమాధానం: నక్క–ద్రాక్ష కథకు ఏ నీతి చెప్పించాలి?
మీ పాప కథల పోటీకి "దురాశ దుఃఖానికి చేటు" అని ముగింపు రాశారు, అతకట్లేదన్నారు. నిజమే, అతకదండీ. నక్కది ఆకలి, దురాశ కాదు. ఈసోపు పేరిట ఉన్న గ్రీకు వచన కథలో (పెర్రీ అనే పండితుడు ఈసోపు కథలకు నంబర్లు వేసిన పట్టికలో 15వది) నక్క ఎగిరినట్టు కూడా ఉండదు. చెట్టుకు పాకిన తీగ మీది గుత్తులు అందక, పోతూ పోతూ "ఇంకా పండలేదులే" అని తనలో తను అనుకుంటుంది, అంతే. దాని కింది నీతి: చేతకానివాళ్లు కాలం మీద నెపం వేస్తారు. పాపకు ఇదే ఇవ్వండి.

ఎగరడం లాటిన్‌లో ఫేడ్రస్ అనే పాత రోమన్ కవి చెప్పిన కథలో ఉంది. అభినయానికి అది పనికొస్తుంది, మూడు ఎగుర్లు చాలు. మన "అందని ద్రాక్ష పుల్లన" మాత్రం నక్క నోట పెట్టొద్దు, గుట్టు ముందే బయటపడుతుంది. "పచ్చికాయలు!" అనిపించి, వెళ్తూ ఓసారి వెనక్కి చూడమనండి.