ముందు పొయ్యి కర్రల సంగతి అడుగు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మన శ్రీకాకుళం జిల్లా మందస చుట్టుపక్కల ఊళ్లలో స్వాతంత్ర్యోద్యమం ఎలా జరిగిందో బడిపిల్లల చేత రాయిస్తానన్నావు. ఎంత సంతోషమైందో చెప్పలేను.

పిల్లలు పెద్దవాళ్ల దగ్గరికెళ్లి "స్వాతంత్ర్య పోరాటం గురించి చెప్పండి" అంటే గాంధీగారు, నెహ్రూగారు అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుంటారు. "మీ అమ్మ పొయ్యిలోకి కర్రలు ఎక్కడినుంచి తెచ్చేది? అడవిలోకి వెళ్తే ఎవరు అడ్డుకునేవారు? జమీందారుకి ఏం కట్టేవారు?" అని అడగమను. అప్పుడు నోరు విప్పుతారు. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో జరిగింది ఈ కర్రల గొడవే. అడవి మీద మాకూ హక్కుందని రైతులు జమీందారుకి ఎదురు తిరిగారు. అరెస్టులకి వచ్చిన పోలీసులకి ఊరు అడ్డం నిలబడింది. కాల్పుల్లో గర్భిణి అయిన వీర గున్నమ్మతో పాటు మరికొందరు చనిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందే పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. ఈ రెండూ కలిపి చెప్పు. గున్నమ్మ పేరుతో ఆపెయ్యకుండా మిగతావాళ్ల పేర్లూ రాయించు.

కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు దాదాపు లేరు. కాబట్టి ఎవరు చెప్పారు, వాళ్లకి ఎవరు చెప్పారు అన్నది ప్రతి మాట పక్కనా ఉండాలి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ ఉంచు. ట్రంకుపెట్టెల్లో స్వాతంత్ర్య సమరయోధులకి సర్కారు ఇచ్చిన తామ్రపత్రాలు, పెన్షన్ కాగితాలు ఉన్నాయేమో అడగండి.

శ్రీకాకుళం జిల్లా 1950లో ఏర్పడింది. 1940 నాటి రికార్డులు విశాఖపట్నం జిల్లా కింద, 1936కి ముందువి గంజాం కింద వెతకాలి. ఇది తెలియక చాలామంది ఉత్త చేతులతో తిరిగొచ్చేస్తారు.

పిల్లలు బొబ్బిలి యుద్ధం రాస్తామంటారు. 1757లో విజయనగరం రాజు ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికి వెళ్లిన యుద్ధమది, ఇందులో కలపనివ్వకు. 1794 పద్మనాభం యుద్ధం సంగతి వేరు. అక్కడ విజయనగరం రాజు విజయరామరాజు ఇంగ్లీషు కుంపెనీ సైన్యం మీదే పోరాడి ప్రాణం వదిలాడు.

వీలు చూసుకుని పొందూరు తీసుకెళ్లు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారక్కడ. సన్నటి పళ్ల వరసలో దూది చిక్కుకుని, నలుసంతా రాలిపోతుంది. ఆ దవడ పిల్లల చేతికిప్పించు, కాసేపు దువ్వనీ. ఖద్దరు వెనక ఆడవాళ్ల చాకిరీ ఎంతుందో వాళ్లకే తెలుస్తుంది.

సంక్రాంతికి వలసపోయినవాళ్లంతా ఊరొస్తారు, ఆ వారం వదులుకోకు. మొదటి నోటుబుక్కు నిండగానే నాకు పంపు. పేర్లు, తేదీలు సరిచూసి పెడతాను.

మీ మామయ్య,
విజయనగరం