మెక్ తీసుకోనా రెగ్యులేటెడ్ తీసుకోనా అన్నావు కదా, ఇదిగో జవాబు

ఒరేయ్ చిన్నా,

నీ మెసేజ్ చూశా. పాడ్ వేప్ (చిన్న ఈ-సిగరెట్) బోర్ కొట్టేసింది, ఫ్రెండ్ ఎవడో ఇత్తడి మెక్ ట్యూబ్ సగం రేటుకే ఇస్తానంటున్నాడు, తీసుకోమంటావా బాబాయ్ అని అడిగావు. ఫోన్లో చెప్తే సగం వింటావ్ సగం మర్చిపోతావ్, అందుకే రాసి పంపుతున్నా, కొంచెం పెద్దగానే ఉంటుంది ఓపిగ్గా చదువు. జవాబు ముందే చెప్పేస్తా: మెక్, అంటే సర్క్యూట్ లేని మెకానికల్ వేప్, వద్దు, రెగ్యులేటెడ్, అంటే ఎలక్ట్రానిక్ బోర్డుతో నడిచేది, తీసుకో. నువ్వు సిగరెట్ మానేసి ఇటొచ్చావ్ కాబట్టి ఈ మాత్రం మాట్లాడుతున్నా, అసలు ఏ అలవాటూ లేనోడు అడిగుంటే రెండూ వద్దనే వాణ్ణి, నికోటిన్ ఎటు నుంచి లోపలికెళ్లినా నికోటినే కదా. కొన్ని దేశాల్లో వీటి అమ్మకమే నిషేధం, నువ్వున్న చోట రూల్ ఏంటో చూసుకున్నాకే మిగతా సంగతి.

అసలు తేడా ఏంటంటే, మెకానికల్ మాడ్‌లో ఏమీ ఉండదు. నిజంగానే ఏమీ ఉండదు, ఒక గొట్టం, లోపల బ్యాటరీ, కింద స్విచ్, పైన లిక్విడ్‌ని ఆవిరి చేసే అటామైజర్, అంతే. బటన్ నొక్కితే బ్యాటరీలో ఉన్న వోల్టేజ్ మొత్తం నేరుగా అటామైజర్‌లో వేడెక్కే తీగచుట్టకి, అంటే కాయిల్‌కి పోతుంది, మధ్యలో ఆగు అనేవాడు ఎవడూ లేడు. రెగ్యులేటెడ్‌లో మధ్యలో ఒక బోర్డు కూర్చుంటుంది, నువ్వు పెట్టిన వాట్స్ ఎంతో అంతే పంపుతుంది, కాయిల్ షార్ట్ అయితే ఫైర్ చెయ్యదు, బ్యాటరీ తిప్పి పెట్టినా చాలావాటిలో ఏం కాదు, వేడెక్కితే ఆపేస్తుంది, బ్యాటరీ బాగా దిగిపోతే ఆపేస్తుంది, బటన్ ఇరుక్కుపోయినా సాధారణంగా పది సెకన్లకి కట్ చేసేస్తుంది. మెక్‌లో ఈ పనులన్నీ చేసే బోర్డు నువ్వే. ప్రతిసారీ, ప్రతి పఫ్‌కీ, నిద్రమత్తులో ఉన్నా, ఎవరితోనో మాట్లాడుతున్నా, తాగి ఉన్నా సరే నువ్వే.

మీ ఫ్రెండ్ ఓమ్స్ లా తెలిస్తే చాలు బ్రో అని చెప్పుంటాడు. లెక్క పెద్ద కష్టం కాదు, అది నిజమే. ఫుల్ చార్జ్ అయిన 18650 బ్యాటరీ 4.2 వోల్ట్స్ ఇస్తుంది, దాన్ని కాయిల్ ఓమ్స్‌తో భాగించు, ఆంప్స్ వస్తాయి. 0.5 ఓమ్ అయితే 8.4 ఆంప్స్, ఏ గొడవా లేదు. 0.2 అయితే 21 ఆంప్స్, సుమారు 88 వాట్స్. 0.1కి దిగితే 42 ఆంప్స్. ఇప్పుడు బ్యాటరీ వైపు చూడు: శామ్‌సంగ్ 25ఆర్ కంటిన్యూయస్ రేటింగ్, అంటే ఆగకుండా ఇవ్వగలిగేది, 20 ఆంప్స్, ఎల్‌జీ హెచ్‌జీ2 కూడా 20. అంటే మంచి బ్రాండ్ ఒరిజినల్ బ్యాటరీ పెట్టినా 0.2 దగ్గరే గీత దాటేశావన్నమాట. ఇక్కడ అసలు చిక్కు లెక్కలో లేదు, లెక్కలో వేసే నంబర్‌లో ఉంది. కాయిల్ చుట్టినప్పుడు 0.3 చూపించింది అనుకో, వారం తర్వాత స్క్రూ లూజ్ అయ్యుంటే, కాయిల్ కాలు దాన్ని బిగించే డెక్‌కి తగులుతుంటే, మెక్ నీకేం చెప్పదు, దానికి స్క్రీనూ లేదు నోరూ లేదు. రెగ్యులేటెడ్ అయితే అటామైజర్ చెక్ చెయ్యమనో, షార్ట్ అనో స్క్రీన్ మీద వేసి ఊరుకుంటుంది, నువ్వు తిట్టుకుంటూ స్క్రూ బిగిస్తావ్, కథ అయిపోయింది.

బ్యాటరీ గురించి ఇంకొంచెం చెప్పాలి, అసలు ప్రమాదమంతా అక్కడే ఉంది కాబట్టి. ఈ 18650లు ఉన్నాయి చూశావా, 18 మిల్లీమీటర్ల లావు 65 పొడవు ఉంటాయి, పేరు కూడా అందులోంచే వచ్చింది, ఇవి లాప్‌టాప్‌లకీ పవర్ టూల్స్‌కీ ప్రొటెక్షన్ సర్క్యూట్‌తో ప్యాక్‌గా కట్టి వాడడానికి తయారుచేసినవి. విడిగా జనం చేతికి ఇవ్వొద్దని తయారీ కంపెనీలే అంటాయి, 2021లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ కూడా విడి 18650లు కొనొద్దని ఓపెన్‌గా హెచ్చరించింది. ఇంక వాటిని ఏ సర్క్యూట్టూ లేని గొట్టంలో పెట్టి సబ్ ఓమ్ (ఒక ఓమ్ కన్నా తక్కువ) కాయిల్‌కి తగిలించడం అంటే, ఆలోచించుకో. పైగా బయట దొరికే రంగురంగుల బ్యాటరీల్లో చాలావరకు వేరే కంపెనీ సెల్‌కి కొత్త తొడుగు వేసి 40 ఆంప్స్ అని అచ్చేసినవే, ఆ 40 రెండు మూడు సెకన్ల పల్స్ నంబర్ అయినా అయ్యుండాలి లేదా ఊరికే గాలి నంబర్ అయినా అయ్యుండాలి. 18650 మీద 9900 ఎంఏహెచ్ అని రాసుంటే చేతిలోకి కూడా తీసుకోకు, ఈ సైజులో మనకి దొరికే మంచి సెల్స్ 3500 దగ్గరే ఆగిపోతాయి, అవి కూడా ఎక్కువ ఆంప్స్ ఇచ్చే రకం కాదు.

ఒకసారి బ్యాటరీ తీసి ప్లస్ వైపు అంచు లైట్ కింద పెట్టి చూడు. మధ్యలో చిన్న బొడిపె లాంటిది ప్లస్, దాని చుట్టూ ఒక పల్చటి రింగ్, ఆ రింగ్ అవతల తొడుగు కింద ఉన్న ఇనప డబ్బా మొత్తం, పక్కలూ భుజాలూ అన్నీ మైనస్సే. ప్లస్‌కీ మైనస్‌కీ మధ్య దూరం ఒకటి రెండు మిల్లీమీటర్లే అక్కడ. తొడుగు ఆ భుజం దగ్గర గోరంత చిరిగినా మెటల్ ట్యూబ్‌లో అది షార్ట్‌కి దారే. ఇప్పుడు దీనికి హైబ్రిడ్ టాప్ క్యాప్ కలుపు, అంటే అటామైజర్ కింద ఉండే 510 పిన్ నేరుగా బ్యాటరీ మీదే కూర్చునే రకం, చాలా మెక్ ట్యూబులు అదే. ఆ పిన్ బయటికి పొడుచుకుని ఉండాలి. మరలున్న భాగానికి సమానంగా ఉంటే, ట్యాంకుల్లో (లిక్విడ్ నింపుకునే అటామైజర్లలో) చాలావాటికి అలాగే ఉంటుంది, ఆ మరల అంచు కూడా బ్యాటరీ ప్లస్‌ని తాకుతుంది, బటన్ నొక్కగానే డెడ్ షార్ట్. అప్పుడు సెల్ లోపల వేడి పుట్టి గ్యాస్ వస్తుంది, ట్యూబ్‌కి వెంట్ రంధ్రాలు సరిగ్గా లేకపోతే అది పైపు బాంబే. 2018లో ఫ్లోరిడాలో ఒకాయన చనిపోయింది వేప్ పేలి ముక్క తలలోకి దూసుకెళ్లడం వల్లే, అది మెకానికల్ రకమే.

పేలడం అంటే వాడేటప్పుడే అనుకోకు. అమెరికా ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్ళు 2009 నుంచి 2016 దాకా న్యూస్‌లో వచ్చిన 195 ఘటనలు లెక్క తీస్తే అందులో 61 జేబులో ఉండగా జరిగినవి, డివైస్ అయినా సరే విడి బ్యాటరీ అయినా సరే. తాళాలూ చిల్లరా ఉన్న జేబులో ఉత్త బ్యాటరీ వేసుకుంటే అది మెక్ అయినా రెగ్యులేటెడ్ అయినా ఒకటే ఫలితం, ప్లాస్టిక్ డబ్బీ కొనుక్కో, అంతకన్నా చవకైన ఇన్సూరెన్స్ లేదు. మెక్‌కి ఇంకో తలనొప్పి, కింద బటన్ లాక్ చెయ్యడం మర్చిపోయి జేబులో వేసుకుంటే కూర్చున్నప్పుడు నొక్కుకుపోయి దానంతటదే ఫైర్ అవుతూనే ఉంటుంది.

మరి అంత తెలిసీ జనం మెక్ ఎందుకు వాడతారు అంటే, కారణాలు లేకపోలేదు. 2013, 2014 ప్రాంతంలో బోర్డులు ఇరవై ముప్పై వాట్స్ దగ్గరే చతికిలపడేవి, పెద్ద ఆవిరి మేఘాలు కావాలంటే మెక్ తప్ప దారి లేదు. తర్వాత ఈ బోర్డులు చేసే ఎవాల్వ్ కంపెనీ వాళ్ళ డీఎన్ఏ 40 బోర్డు వచ్చింది, 2015లో డీఎన్ఏ 200 వచ్చింది, ఇప్పుడు రెండు బ్యాటరీల బాక్స్ (పెట్టె ఆకారం డివైస్) ఏదైనా నీ ఊపిరితిత్తులకి అక్కర్లేనంత పవర్ ఇస్తుంది. పవర్ కోసం మెక్ అనే మాటకి కాలం చెల్లిపోయింది. మిగిలిందల్లా ముచ్చట, ఇత్తడీ రాగీ చేతిలో బరువుగా బాగుంటాయి, చిప్ కాలిపోతుందన్న బాధ లేదు, నిజమే నాకూ నచ్చుతాయి. కానీ బ్యాటరీ దిగుతున్నకొద్దీ దమ్ము కూడా దిగిపోతుంది, అదే 0.2 కాయిల్ మొదట్లో 88 వాట్స్ ఇచ్చింది, 3.7 వోల్ట్స్‌కి వచ్చేసరికి 68కి పడిపోతుంది, కాంటాక్టులు మురికి పడితే ఇంకా తక్కువ, వారం వారం తోముకుంటూ కూర్చోవాలి. ఆ డైరెక్ట్ ఫీల్ కావాలంటే బైపాస్ మోడ్ ఉన్న రెగ్యులేటెడ్ తీసుకో, బ్యాటరీ వోల్టేజ్ నేరుగానే వస్తుంది, షార్ట్ అయితే ఆపే బోర్డు మాత్రం అక్కడే ఉంటుంది.

మోస్‌ఫెట్ (బటన్ బదులు కరెంటు మోసే ఎలక్ట్రానిక్ స్విచ్) పెట్టిన బాక్సులు కూడా అమ్ముతారు, అది సేఫ్ అంటారు. బటన్ కాలిపోకుండా ఉంటుంది అంతే, కరెంటుకి లిమిట్ ఏమీ ఉండదు. సిరీస్ మెక్ మాట అసలు ఎత్తకు, రెండు బ్యాటరీలు కలిపి 8.4 వోల్ట్స్, అదే 0.2 కాయిల్‌కి 42 ఆంప్స్, ఒక్కో బ్యాటరీ మీదా ఆ 42 మొత్తం పడుతుంది, సగం సగం పంచుకోవు.

అలాగని రెగ్యులేటెడ్ కొనేసి నిశ్చింతగా ఉండు అని కూడా అనట్లేదు. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. రెగ్యులేటెడ్‌లో బ్యాటరీ మీద పడే బరువు కాయిల్ ఓమ్స్‌ని బట్టి కాదు, నువ్వు పెట్టిన వాట్స్‌ని బట్టి, అది కూడా బ్యాటరీ దిగేకొద్దీ పెరుగుతుంది, మెక్‌కి పూర్తిగా ఉల్టా. ఒక్క బ్యాటరీ డివైస్‌లో 80 వాట్స్ పెట్టి 3.2 వోల్ట్స్ దాకా వాడావనుకో, బోర్డు తినేది కూడా కలుపుకుంటే 28 ఆంప్స్ దాకా లాగుతుంది. కాబట్టి 20 ఆంప్స్ బ్యాటరీతో సింగిల్‌లో 55 దాటకు, డబుల్ అయితే 110. బాక్స్ మీద 200 వాట్స్ అని రాసుందని అంతా పెట్టక్కర్లేదు. డబుల్ తీసుకుంటే రెండు బ్యాటరీలూ ఒకేసారి ఒకే మోడల్ కొని ఎప్పుడూ జంటగానే వాడు, చార్జింగ్ కూడా కలిపే, పాతదానికి కొత్తది జత కట్టకు. చార్జింగ్‌కి విడి చార్జర్ మంచిది, మంచం మీద పెట్టి పడుకోవద్దు. కింద పడి సొట్ట పడిన బ్యాటరీని పారెయ్, మామూలు చెత్తలో కాదు, బ్యాటరీలు తీసుకునే చోట ఇవ్వు. తొడుగు ఒక్కటే చిరిగితే కొత్త ష్రింక్ తొడుగు వేసి హెయిర్ డ్రయ్యర్ పెడితే సరిపోతుంది, రింగ్ కూడా మార్చు. విమానం ఎక్కేటప్పుడు డివైసూ బ్యాటరీలూ చెకిన్ లగేజీలో పెట్టనివ్వరు, చేతి బ్యాగులోనే ఉంచుకో.

ఇంతా చదివాక కూడా కాయిల్ చుట్టడం నేర్చుకోవాలనుంటే నేర్చుకో, అది మంచి పనే, ఆ స్క్రీన్ మీద ఓమ్స్ ఎలా కదులుతున్నాయో చూస్తూ చుట్టడం వల్లే చెయ్యి తిరుగుతుంది. మొదటి నాలుగైదు నెలలు 0.4 కిందకి దిగకు. కొనేముందు బాక్స్ మోడల్ పేరూ, వాళ్ళు అంటగట్టబోయే బ్యాటరీ మీద రాసున్నదీ ఫోటో తీసి పంపు, తొడుగు మీది అక్షరాలు కనబడేలా దగ్గర నుంచి తియ్యి, చూసి చెప్తా.

బాబాయ్