ఉప్పు ఎంత కరుగుతుంది? ల్యాబ్ చేయించబోయే అమ్మడికి ఉత్తరం

చిరంజీవి అమ్మడికి, పెదనాన్న ఆశీస్సులు.

తొమ్మిదో తరగతికి ద్రావణీయత (ఒక పదార్థం నీళ్ళలో ఎంతవరకు కరుగుతుందన్నది), ద్రవాల ధర్మాల ప్రయోగాలు వచ్చే వారం మొదలుపెడతానన్నావు. ల్యాబ్ అంటే ఒక బీరువా, నాలుగు బీకర్లు, ఒక స్పిరిట్ దీపం, అంతేనని కూడా అన్నావు. చాలమ్మా. ఈ పాఠానికి కావలసిన సరుకు చాలావరకు కిరాణా కొట్లోనే దొరుకుతుంది. సామాను గురించి టెన్షన్ పెట్టుకోకు. నీ తంటా అంతా పిల్లల మనసులో ముందే నాటుకుపోయిన రెండు పొరపాటు అభిప్రాయాలతో. త్వరగా కరిగేదే ఎక్కువ కరుగుతుందనుకోవడం ఒకటి. చిక్కగా ఉన్నదే బరువుగా ఉంటుందనుకోవడం రెండోది. ఏ ప్రయోగం ఎంచుకున్నా ఈ రెండింట్లో ఒకదాన్ని కదిలించేలా చూసుకో. మిగతావి చేస్తే సరదా, చేయకపోతే నష్టం లేదు.

మొదటిదానికి పటికబెల్లం చాలు. ఒకే బరువున్న రెండు ముక్కలు తీసుకుని ఒకదాన్ని పొడి చేయించు. రెండు గ్లాసుల్లో సమానంగా నీళ్ళు పోసి ముక్క ఒకదాంట్లో, పొడి ఒకదాంట్లో వేయించు. కలిపే ముందే అడుగు, ఏది ఎక్కువ కరుగుతుందని. చాలామంది పొడి అనే అంటారు. కాదని నువ్వు చెప్పకు. ముక్క కూడా పూర్తిగా కరిగేదాకా ఆగమను.

తర్వాత ఉప్పు. 100 మిల్లీలీటర్ల నీళ్ళు, ఐదేసి గ్రాముల ఉప్పు పొట్లాలు ఎనిమిది. ఒక పొట్లం పూర్తిగా కరిగాకే ఇంకోటి వేయాలి. మన గది ఉష్ణోగ్రత దగ్గర అన్ని నీళ్ళలో ఉప్పు 36 గ్రాముల దాకా కరుగుతుంది. అంటే ఏడో పొట్లం కరగాలి, ఎనిమిదో పొట్లంలో ఎక్కువ భాగం అడుగున మిగలాలి. అసలు కిటుకు ఏడో పొట్లం దగ్గరే ఉంది. ద్రావణం సంతృప్త స్థితికి, అంటే ఇక కరిగించుకోలేని హద్దుకి, దగ్గరపడే కొద్దీ కరగడం నెమ్మదిస్తుంది. ఆ పొట్లం చాలాసేపు సతాయిస్తుంది. బెల్లు కొట్టేస్తారేమోనని సగం మంది "ఇక కరగదు సార్, ముప్పయ్యే" అని రాసేస్తారు. నిన్నైతే మేడమ్ అంటారులే. వేగాన్నీ హద్దునీ కలిపేసుకునేది సరిగ్గా అక్కడే. ఆ బృందాన్ని ఇంకో పది నిమిషాలు కలుపుతూ ఉండమను. కరిగిపోయాక వాళ్ళ ముఖాలు చూడు. ఎనిమిదో పొట్లాన్ని మాత్రం సాయంత్రం దాకా కలిపినా, నూరి వేసినా మిగిలేది మిగులుతుంది.

ప్యాకెట్ ఉప్పు వాడితే ద్రావణం కాస్త మబ్బుగా కనిపిస్తుంది. గడ్డకట్టకుండా అందులో కలిపే పదార్థం వల్ల అలా అవుతుంది, ఉప్పు కరగక కాదు. ముందే చెప్పకపోతే మొదటి పొట్లానికే కరగలేదని రాస్తారు.

ఇప్పుడు ఆ మిగిలిన ఉప్పుతోనే బీకరును వేడి చేయించు. వేడి చేస్తే ఎక్కువ కరుగుతుందని వాళ్ళు బట్టీ పట్టి ఉంటారు. ఉప్పు ఆ మాట పెద్దగా వినదు. నీళ్ళు మరిగే వేడి దగ్గర కూడా దాని ద్రావణీయత 39 గ్రాములే. వెంటనే పక్క బీకరులో పటిక పెట్టు. చల్లటి నీళ్ళలో కొద్దిగానే కరిగే పటిక వేడి నీళ్ళలో ఎంతెంతో కరుగుతుంది, చల్లారాక ఎనిమిది ముఖాల స్ఫటికాలుగా బయటికొస్తుంది. రాత్రంతా కదపకుండా ఉంచితే స్ఫటికాలు పెద్దవవుతాయి. గ్రాఫుకి మాత్రం సురేకారం అంకెలివ్వు. 100 గ్రాముల నీటిలో 20 డిగ్రీల దగ్గర దాదాపు 32 గ్రాములు, 30 దగ్గర 46, 60 దగ్గర 110. గీత ఎలా లేస్తుందో చూడు, ఉప్పు గీత పక్కన గీస్తే ఇంకా బాగుంటుంది. సురేకారం బాణసంచాలో వాడే సరుకు, అది పిల్లల చేతికివ్వకు. అంకెలు చాలు. ఇంకో మాట. పుస్తకాల పట్టికలు ఎక్కువగా 20 లేదా 25 డిగ్రీలకు ఇస్తారు. మన గదులు ఏడాదిలో చాలా నెలలు 30 దాటే ఉంటాయి. ప్రతి కొలత పక్కనా థర్మామీటర్ రీడింగ్ రాయని రికార్డు మీద సంతకం పెట్టకు.

ఆవిరి చేసి తూచే పద్ధతి చేయిస్తే ఉప్పుతోనే చేయించు. ఖాళీ పింగాణీ గిన్నె బరువు, సంతృప్త ద్రావణం వడగట్టి పోశాక బరువు, పూర్తిగా ఎండాక బరువు, ఈ మూడూ చాలు. చివర్లో మంట తగ్గించి మూత పెట్టకపోతే ఉప్పు చిటపటలాడి ఎగిరిపోతుంది, లెక్క తక్కువ వస్తుంది. పటికతో, మైలుతుత్తంతో (కాపర్ సల్ఫేట్) ఈ పద్ధతి వద్దు. వాటి స్ఫటికాల్లోనే నీరుంటుంది. వేడికి అదీ పోతుంది, మైలుతుత్తం నీలం పోయి తెల్లబడుతుంది. నువ్వు తూచేది నువ్వు కరిగించిన పదార్థం కాదన్నమాట. మైలుతుత్తం విషం కూడా, ముట్టుకున్నవాళ్ళు చేతులు కడుక్కోవాల్సిందే.

వాయువుల సంగతి మాటల్లోనే తేల్చెయ్యొచ్చు. నీళ్ళు మరగడానికి చాలా ముందే గిన్నె గోడలకు అంటుకునే చిన్న బుడగలు ఆవిరి కాదు, నీళ్ళలో కరిగి ఉన్న గాలి. సున్నా డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండగలదు. 30 డిగ్రీలకు అది 7.5కి పడిపోతుంది. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి అందించడానికి తిరిగే ఏరేటర్లు మీ పిల్లల్లో ఎవరో ఒకరు చూసే ఉంటారు, వాళ్ళచేతే చెప్పించు. అలాగే యూరియా. గ్లాసు నీళ్ళలో గుప్పెడు యూరియా వేస్తే గ్లాసు చల్లబడుతుంది. పొలంలో పిచికారీకి కలిపే ఇళ్ళ పిల్లలకు ఇది తెలుసు, ఎందుకో తెలియదు. కరగడానికి కావలసిన వేడిని యూరియా ఆ నీళ్ళ నుంచే తీసుకుంటుంది.

ఇక చిక్కదనం. రెండు పొడుగాటి సీసాలు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో ఆముదం. రెండింట్లోనూ ఒకేసారి గోలీలు వదిలితే ఆముదంలోది మెల్లగా దిగుతుంది. ఇప్పుడడుగు, ఈ రెండూ ఒక గ్లాసులో పోస్తే ఏది కింద ఉంటుందని. ఆముదం అంటారు. పోసి చూపించు. ఆముదం హాయిగా పైన తేలుతుంది. 50 మిల్లీలీటర్ల చొప్పున తూచితే నీళ్ళు 50 గ్రాములు, ఆముదం 48, కిరోసిన్ దాదాపు 40, గ్లిజరిన్ 63 వస్తాయి. ఒక్క గ్రాము తేడా చూపే వంటింటి కాటా అయినా దీనికి సరిపోతుంది. గ్లిజరిన్ చిక్కనిదీ, బరువైనదీ కూడా. దాన్ని నీళ్ళ అడుక్కి మెల్లగా పోసి కాసేపు నిలవనిచ్చి, తర్వాత కలపమను. పూర్తిగా కలిసిపోతుంది. ఆముదం ఎంత కలిపినా మళ్ళీ విడిపోతుంది. చిక్కదనం, సాంద్రత, కలిసే గుణం మూడూ వేరని అప్పుడు నువ్వు చెప్పక్కర్లేదు.

తలతన్యతకు, అంటే నీళ్ళ పైపొర సాగదీసిన పొరలా లాగిపట్టుకునే గుణానికి, కర్పూరమే నాకు ఇష్టం. శుభ్రంగా కడిగిన పళ్ళెంలో నీళ్ళు పోసి పొడి వేళ్ళతో చిన్న కర్పూరం పలుకు వేస్తే గిరగిరా తిరుగుతుంది. కరిగే కర్పూరం తన చుట్టూ తలతన్యతను తగ్గిస్తుంది. అన్ని వైపులా సమానంగా తగ్గదు కాబట్టి ఎక్కువ లాగే వైపుకి పోతుంది. తలనూనె రాసుకున్న వేలితో నీళ్ళని తాకించు, పలుకు ఠక్కున ఆగిపోతుంది. ముందే ఆగిపోయిందంటే పళ్ళెం జిడ్డుగా ఉందని అర్థం. సబ్బు నురగ ప్రయోగాలకు బోరు నీళ్ళు వాడకు, కఠినజలం అయితే నురగే రాదు. వాటర్ ప్లాంట్ క్యాన్ తెప్పించు.

కొలజాడీ రీడింగ్ కళ్ళు సమానంగా పెట్టి, నీళ్ళ వంపు అడుగు భాగం దగ్గర చూడాలి. స్పిరిట్ దీపం నోటితో ఊదకుండా మూతతో ఆర్పించు. కిరోసిన్ ఆ దీపం ఉన్న బల్ల మీదికి రానివ్వకు. ల్యాబ్‌లో ఉప్పయినా, పటికబెల్లమైనా ఎవరూ నోట్లో పెట్టకూడదు.

రికార్డుల్లో అందరికీ 36 అని వస్తే మాత్రం ఒక్కొక్కరినీ పిలిచి ఏడో పొట్లం ఎంతసేపట్లో కరిగిందో అడుగు. 33 రాసి, పక్కన "బెల్లు కొట్టారు" అని రాసిన పిల్లాడికి పూర్తి మార్కులు వెయ్యి.

ఉంటానమ్మా,
పెదనాన్న