రాళ్లనీ చెట్లనీ కలిపి చూడండి: మేనకోడలికి ఓ ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చి. బుజ్జికి, అత్తయ్య ఆశీస్సులు.

మీ విజయవాడ ప్రయాణానికి నువ్వు పంపిన లిస్టు చూశాను. దుర్గ గుడి, భవానీ ద్వీపం, కొండపల్లి, ఉండవల్లి, మంగళగిరి, అమరావతి అన్నీ ఒక్క రోజుకే రాశావు. అలా వద్దమ్మా. ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులతో మీ అత్తగారు. ఆరు చోట్లకి పరిగెత్తితే సాయంత్రానికి అందరూ అలిసిపోతారు, ఏదీ సరిగ్గా గుర్తుండదు. పిల్లలకి చెట్లూ శిల్పాలూ చూపించాలన్నది కదా నీ కోరిక. దానికి ఉండవల్లి గుహలు, అమరావతి చాలు. కొండపల్లి మరో రోజుకి ఉంచుకో. తెల్లపొణికి కర్ర బొమ్మగా ఎలా మారుతుందో చూడాలంటే దానికే ఒక పూట పడుతుంది. దుర్గమ్మ దర్శనం ముందురోజు సాయంత్రం చేసుకోండి.

అన్నిటికంటే ముందు వారం చూసుకో. శుక్రవారం అసలు పెట్టుకోవద్దు, అమరావతి మ్యూజియానికి ఆ రోజు సెలవు. లాంగ్ వీకెండ్ అని శుక్రవారం అక్కడికి వెళ్లి, మూసిన గేటు చూసి తిరిగొచ్చేవాళ్లు ఎందరో.

మే నెల సెలవుల్లో వస్తే ఎలా ఉంటుందని అడిగావు. రేల పసుపుపచ్చగా వేలాడుతూ, తురాయి ఎర్రగా విరగబూసి ఉండేది ఏప్రిల్, మే నెలల్లోనే, నిజమే. కానీ రోళ్లు పగిలే ఎండల్లో కొండరాయి మీద పెద్దావిడని ఎక్కించి దింపడం మంచిది కాదు. సంక్రాంతి రద్దీ తగ్గాక రండి. ఫిబ్రవరి రెండో సగానికి జరుపుకోగలిగితే ఇంకా మేలు. ఆకంతా రాల్చేసిన బూరుగు, మోదుగ చెట్లు ఒంటినిండా ఎర్రటి పూలతో దారి పక్కన కనిపిస్తాయి. కారులోంచే చూపించొచ్చు.

ఇక ఆ రోజు సంగతి. విజయవాడలో దిగుతున్నారు కాబట్టి టిఫిన్ తొందరగా ముగించి, ప్రకాశం బ్యారేజీ దాటి ముందు ఉండవల్లి వెళ్లండి. దగ్గరే, ఆటోలో కూడా పోవచ్చు. పదిహేనేళ్లలోపు పిల్లలకి టికెట్ ఉండదు. తినుబండారాలు కారులోనే ఉంచు, చేతిలో పొట్లం కనబడితే కోతులు ఊరుకోవు.

గుహల దగ్గర అందరూ చేసేది ఒకటే. గబగబా మెట్లెక్కి, పడుకున్న అనంతపద్మనాభుడి ముందు ఫోటో దిగి, కిందికి వచ్చేస్తారు. నువ్వు మాత్రం కింది అంతస్తు దగ్గరే మొదలుపెట్టు. అక్కడ పని సగంలో ఆగిపోయి ఉంటుంది. మొత్తం నాలుగు అంతస్తులనీ విడి రాళ్లతో కట్టలేదు, ఉన్న కొండనే లోపలికి తొలిచారు. ఆ మాట నోటితో ఎంత చెప్పినా పిల్లలకి ఎక్కదు. సగం తొలిచి వదిలేసిన స్తంభం పక్కన నిలబెట్టి, 'ఇది ఇంకా స్తంభం అవ్వలేదు, మిగతా రాయి తీసెయ్యాలి' అని చూపించు. ఇట్టే అర్థమైపోతుంది. ఆ తర్వాత పైకి తీసుకెళ్లు. పద్మనాభుడున్న మంటపంలో చీకటిగా ఉంటుంది. వెంటనే ఫోన్ లైటు వెయ్యకండి, కాసేపు అలా నిలబడితే కళ్లు అలవాటుపడి స్వామి రూపం పాదాల నుంచి తల దాకా తెలుస్తుంది. పదిహేను అడుగులకు పైనే ఉన్న విగ్రహం అది. బయటికొచ్చాక పైన వరసగా కూర్చున్న ఋషుల బొమ్మలు, సింహాలు చూపించడం మర్చిపోకు. క్రీ.శ. 4, 5 శతాబ్దాల నాటి గుహలని, విష్ణుకుండినుల కాలంవని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. పెద్దవాడికి ఆ ఒక్క ముక్క చాలు, పాఠం చెప్పకు.

మీ అత్తగారిని అన్ని మెట్లూ ఎక్కమని బలవంతం చెయ్యొద్దు. కింద పచ్చిక ఉంది, నీడ ఉంది. ఆవిడ పక్కన చిన్నదాన్ని కూర్చోబెట్టి నోట్‌బుక్కూ మైనపు క్రేయాన్లూ ఇవ్వు. రాలిన ఆకుని కాగితం కింద పెట్టి, క్రేయాన్ పడుకోబెట్టి రుద్దితే ఈనెలన్నీ పైకి తేలతాయి. రావి ఆకు దొరికితే మరీ బాగా వస్తుంది, చివర సన్నటి తోకతో సహా. ఈ ఆటని రాతి బొమ్మల మీద ఎవరూ ఆడకుండా చూడు. పళ్లెం మీద కాగితం పెట్టి రుద్దినట్టు శిల్పం మీద రుద్దే పిల్లల్ని చూశాను, పక్కనే ఉన్న పెద్దవాళ్లు ఏమీ అనరు. చేతి చెమటా జిడ్డూ చాలు రాయి పాడవడానికి. అమరావతి పాలరాయిలాంటి సున్నపురాయి మరీ సున్నితం.

పదకొండున్నరకల్లా అక్కణ్ణించి అమరావతికి బయల్దేరండి. మధ్యాహ్నపు ఎండలో మ్యూజియం లోపల ఉండి, ఎండ తగ్గాక బౌద్ధ స్తూపం, ధ్యానబుద్ధుడి విగ్రహం చూసేలా పెట్టుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులు చేసి మిట్టమధ్యాహ్నం బయట తిరుగుతారు. నడినెత్తిన సూర్యుడుంటే శిల్పంలో ఎత్తుపల్లాలు తెలియవు, అంతా తెల్లగా ఒక్కటే అయిపోతుంది. ఏటవాలు ఎండ పడితే ముడుతలు, వేళ్లు, పూరేకులు అన్నీ లేచి కనబడతాయి. ఫోటోలకైనా అదే మంచి వేళ. పులిహోర కట్టుకోండి. మజ్జిగ వేరే సీసాలో పోసుకోండి.

అమరావతి గురించి పిల్లలకి ముందే ఒక సంగతి చెప్పి తీసుకురా. సాంచిలో ఉన్నట్టు ఇక్కడ గుండ్రటి గుమ్మటం నిలబడి లేదు. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ వచ్చేనాటికే జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కొత్త ఊరి కోసం ఆ స్తూపం దిబ్బని తవ్వి రాళ్లు తీస్తున్నారు. తర్వాత దొరికిన శిల్పాల్లో చాలావరకు మద్రాసు మ్యూజియానికి, లండన్ బ్రిటిష్ మ్యూజియానికి వెళ్లిపోయాయి. అయినా నిరాశపడక్కర్లేదు. ఆ శిల్పులు స్తూపం బొమ్మనే పలకల మీద చెక్కి పెట్టారు. ఒకప్పుడు అది ఎలా ఉండేదో మనకి తెలిసింది ఆ పలకల వల్లే. ముందు మ్యూజియంలో నమూనా చూసి, ఆ తర్వాత దిబ్బ దగ్గరికి వెళ్తే, కింద మిగిలిన గుండ్రటి పునాది చూసి పైభాగం ఊహించుకోగలుగుతారు. వరస మారిస్తే ఇటుకలూ రాళ్లూ తప్ప ఏమీ తెలియదు.

మ్యూజియంలో అన్నీ చూడాలని పెట్టుకోకు. నేను ఎవరినైనా వెంట తీసుకెళ్తే మూడు చూపిస్తాను. మొదటిది తామర పతకం. స్తూపం చుట్టూ ఉండే రాతి రైలింగు స్తంభాల మీద, అడ్డ దూలాల మీద నిండుగా విచ్చిన తామర ఉంటుంది. బయటి రేకుల నుంచి వేలితో, తాకకుండా గాలిలోనే, ఒక్కో వరసా లోపలికి లెక్కపెట్టమను. నడిమధ్యన గింజల గుంటలతో తామర దుద్దు ఉంటుంది చూడు, మన చెరువులో పువ్వుకి ఉన్నట్టే. ఇన్నేళ్లు వృక్షశాస్త్రం చెప్పినదాన్ని కదా, ఆ చెక్కినవాడు పువ్వుని విప్పి చూశాకే ఉలి పట్టాడని నా నమ్మకం. రెండోది రావిచెట్టు. తొలినాళ్ల పలకల్లో బుద్ధుడు మనిషి రూపంలో ఉండడు. చెట్టు, దాని కింద ఖాళీ ఆసనం, లేదా పాదాలు, ధర్మచక్రం ఉంటాయి. 'ఇక్కడ ఎవరు కూర్చున్నారు?' అని పిల్లల్ని అడుగు. పొద్దున రుద్దిన రావి ఆకు నోట్‌బుక్కులో ఉంటుంది కదా, పక్కన పెట్టి పోల్చమను. మూడోది పూర్ణఘటం, తామరలు పొంగి వస్తున్న కుండ. 2018లో మన రాష్ట్ర ప్రభుత్వం తీసుకున్న చిహ్నానికి మూలం అదే. ప్రభుత్వ కాగితం ఏదైనా ఒకటి సంచిలో పెట్టుకొస్తే పెద్దవాడు తనే కనిపెడతాడు.

లోపల ఫోటోలు తియ్యొచ్చా అని అక్కడి సిబ్బందిని అడిగే తియ్యండి. మ్యూజియం అయిదింటికి మూస్తారు, అది గుర్తుంచుకో.

ధ్యానబుద్ధుడి దగ్గరికి చివర్లో వెళ్లండి. 125 అడుగుల విగ్రహం, పిల్లలకి నచ్చుతుంది. అక్కడ నేను ప్రత్యేకంగా చెప్పాల్సింది లేదు. టైము ఉంటే అమరేశ్వరుడి దర్శనం చేసుకోండి, పంచారామాల్లో ఒకటి.

దారిలో చెట్ల విషయంలో ఒక జాగ్రత్త. గన్నేరు, పచ్చ గన్నేరు అందంగా ఉంటాయని పార్కుల్లో, రోడ్ల మధ్య బాగా నాటారు. రెండూ విషమే, పచ్చ గన్నేరు కాయ మరీ ప్రమాదం. చిన్నది ఏదైనా నోట్లో పెట్టుకునే వయసు కాబట్టి కళ్లలో వత్తులు వేసుకుని చూడు. ఎక్కడైనా నాగమల్లి కనిపిస్తే మాత్రం కారు ఆపించు. కొమ్మలకి కాకుండా మొద్దుకే పూలు, గుండ్లలాంటి కాయలు వేలాడే చెట్టు అది. శివాలయాల్లో పెంచుతారు కానీ పుట్టిల్లు దక్షిణ అమెరికా. కింద పడిన పువ్వు వాసన చూపించు. కాయలు బరువు, వాటి కింద నిలబడనివ్వకు.

మర్నాడు ఓపిక ఉంటే, వాన పడినా సరే, బందరు రోడ్డులో బాపు మ్యూజియం చూడండి. రాతి శిల్పాలు బాగుంటాయి, మీ అత్తగారికి నడక కూడా తక్కువ.

ఏ తేదీ అనుకున్నారో ఆదివారంలోగా ఫోన్ చెయ్యి. అమరావతికి గుంటూరు నుంచి బస్సులు చాలా ఉన్నాయి, మీరు పన్నెండున్నరకి చేరితే మ్యూజియం గేటు దగ్గరికి నేనూ వచ్చేస్తాను. పెరుగన్నం నేను తెస్తాను, నువ్వు పులిహోర ఒక్కటే చూసుకో.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య