ఎన్94.1 వేస్తే క్లెయిమ్ ఎందుకు వెనక్కి వచ్చింది?

లైంగిక కలయిక సమయంలో నొప్పి అని ఉన్న పేషెంట్ ఛార్ట్‌కి ఎన్94.1 అనే జబ్బు కోడ్ వేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ రిజెక్ట్ అయిందన్నారు కదండీ. ఆ కోడ్ అక్కడితో ఆగదు. అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో 2016 అక్టోబర్ 1 నుంచి దాన్ని విడగొట్టారు, చివర ఇంకో అంకె తప్పనిసరి. మీది పాత చీట్ షీట్ అయ్యుంటుంది.

మీరు పెట్టిన నోట్‌లో డాక్టర్ 'ఇంట్రాయిటల్ డిస్పరూనియా' అని రాశారు, అంటే యోని ద్వారం దగ్గరి నొప్పి. దానికి ఎన్94.11. 'డీప్', అంటే లోతుగా లోపలి నొప్పి, అని ఉంటే ఎన్94.12 అయ్యేది. రకమేదీ రాయకపోతే ఎన్94.10. ఈ రెండు రకాలూ కాకుండా వేరే రకం అని స్పష్టంగా రాస్తేనే ఎన్94.19. ఈ 10, 19 దగ్గర నేనూ మొదట్లో ఆడిట్‌లో దొరికిపోయాను.

ఇంకోటి. పేషెంట్‌కి టెన్షన్ ఉందని ఒక లైన్ కనిపించగానే ఎఫ్52.6కి, అంటే మానసిక కారణంతో వచ్చే ఇదే నొప్పి కోడ్‌కి, వెళ్లకండి. నొప్పికి మానసిక కారణమే అని డాక్టర్ రాయాలి, మనం ఊహించకూడదు. ఎన్94.1 కింద ఎక్స్‌క్లూడ్స్1లో (దీంతో కలిపి వేయకూడని కోడ్ల జాబితాలో) ఎఫ్52.6 ఉంది, కాబట్టి ఒకే నొప్పికి రెండూ కలిపి వేయడం కుదరదు. నోట్ అటూ ఇటూగా ఉంటే స్పష్టత అడుగుతూ డాక్టర్‌కి క్వెరీ పంపండి.

ముందు ఎన్94.11తో సరిచేసి మళ్లీ పంపండి.